తవ్వకముందే తవ్వి చూసే కంప్యూటర్

యాప్రాల్‌లో మనం స్విచ్చి వేస్తే బల్బు వెలుగుతుంది. మన రాష్ట్రంలో వాడే కరెంటులో చాలా భాగం బొగ్గుతో తయారవుతుంది. ఇక్కడ ఆ బొగ్గును తవ్వేది ముఖ్యంగా సింగరేణి సంస్థ. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. చాలా ఏళ్లు భూమి లోపలికి దిగి బొగ్గు తీశారు. 1975లో రామగుండం ప్రాంతంలో ఓపెన్ కాస్టు గని వచ్చింది.

ఓపెన్ కాస్టు అంటే ఏమిటి?

పైనున్న మట్టి, రాయి తీసేసి, కిందున్న బొగ్గు తవ్వడం. దీనికి చాలా భూమి కావాలి. పొలాలు పోతాయి. ఒక్కోసారి ఊళ్లే లేచిపోతాయి. తవ్వాక తప్పు తెలిస్తే ఏం లాభం? అందుకే ముందుగా కంప్యూటర్‌లో తవ్వి చూస్తారు.

ఎలా చూస్తారు?

మొదట అక్కడక్కడా బోర్లు వేస్తారు. ఎంత లోతులో బొగ్గు ఉందో రాసుకుంటారు. ఆ లెక్కలతో కంప్యూటర్ భూమి లోపలి బొమ్మ గీస్తుంది. ముగ్గులో చుక్కలు కలిపినట్టే!

తర్వాత బండ్ల లెక్క. ఒక మిషను 4 నిమిషాల్లో ఒక డంపర్ నింపుతుందనుకుందాం. డంపర్ వెళ్లి, మట్టి పోసి, తిరిగి రావడానికి 20 నిమిషాలు. అప్పుడు 6 డంపర్లు సరిపోతాయి. వానకు దారి బురదైతే? రాకపోకలకు 28 నిమిషాలు పడితే 8 కావాలి. ఇలాంటి లెక్కలు కంప్యూటర్ వేల సార్లు వేసి చూపిస్తుంది.

గట్టు ఎంత వాలుగా ఉండాలో కూడా చూస్తారు. ఇది ప్రాణాల సంగతి. 2016 డిసెంబరులో జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో మట్టి జారిపడి 23 మంది చనిపోయారు.

కంప్యూటర్ చెప్పిందంతా నిజమేనా?

మనం ఇచ్చిన లెక్క సరైనదైతేనే అది సరిగ్గా చెబుతుంది. ఊరి బావి, బడి, దుమ్ము ఆ లెక్కలో చేర్చకపోతే, దానికి అవి తెలియవు. వాటిని చెప్పాల్సింది ఊరివాళ్లే.

పెద్ద గని పెట్టేముందు ఆ ప్రాంతంలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలని 2006 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ చెబుతోంది. 30 రోజుల ముందే ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. చదువు వచ్చిన ఆడవాళ్లు దాన్ని చదవొచ్చు. సభలో లేచి అడగొచ్చు.

గని ఊళ్లలో మీ చుట్టాలు ఉంటే ఈ మూడు ప్రశ్నలు చెప్పండి:

1. మట్టిగుట్ట ఎక్కడ పోస్తారు?
2. మా బావుల్లో నీళ్లు తగ్గుతాయా?
3. బొగ్గు అయిపోయాక ఆ గుంతను ఏం చేస్తారు?