పిడుదులవలన పశువులకు సంక్రమించు అనాప్లాస్మా జ్వరము

వర్షములు కురిసి పచ్చిక మొలచినది మొదలు పశువుల గంగడోలు, చెవులు, తొడల సందులు, పొదుగు, తోక మొదలు అను తావులందు పిడుదులు పట్టుట రైతులందఱు ఎఱిగినదే. వీనిని కొన్ని ప్రాంతములలో గోమార్లందురు. ఇవి రక్తము పీల్చి పశువును నీరసింపజేయునని అందఱకు తెలియును. కాని పీల్చిన రక్తముకంటె, ఒక పశువునుండి మఱియొక పశువునకు ఇవి మోసికొనిపోవు సూక్ష్మజీవులవలన కలుగు నష్టమే పెద్దది. చక్కగా పాలిచ్చుచున్న ఆవు కొలది దినములలో పాలు తగ్గి, మేత మాని, నిలువలేక కూలిపోవుట కలదు. అప్పుడు దిష్టి తగిలినదనియో, విషపు ఆకు తిన్నదనియో తలచి కాలము గడుపుట పొరపాటు. అట్టి మరణములలో కొన్నిటికి కారణము అనాప్లాస్మా యను బాక్టీరియా. దానిని గూర్చి రైతులు తెలిసికొనవలసిన విషయములు ఇందు వివరింపబడినవి.

ఈ రోగమును కనుగొనిన విధము

1893 లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అను శాస్త్రజ్ఞులు టెక్సాస్ జ్వరమను పశురోగము పిడుదులద్వారా వ్యాపించునని ప్రయోగములచే నిరూపించిరి. రోగపు పశువుల ఎఱ్ఱ రక్తకణముల అంచున సన్నని చుక్కలనుగూడ వారు చూచిరి. కాని అవి వేఱొక రోగమునకు గుర్తని అప్పుడు తెలియలేదు. 1910 లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ ఆ చుక్కలు వేఱు జీవియని తేల్చి, కణపు అంచున నుండుటచే దానికి అనాప్లాస్మా మార్జినేల్ అని పేరిడెను. అది రికెట్సియాల వర్గమునకు చెందిన బాక్టీరియా యని తరువాత నిశ్చయమయ్యెను. ఈ భేదము రైతునకు ముఖ్యము. టెక్సాస్ జ్వరమును, మన దేశమున సంకరజాతి ఆవులను చంపు థైలీరియా జబ్బును కలిగించునవి ప్రోటోజోవాలు, బాక్టీరియా కాదు. మూడును పిడుదులవలననే వచ్చును, మూడింటిలోను జ్వరముండును. కాని ఒకదాని మందు మఱియొకదానికి అన్నివేళల చాలదు.

పిడుదు జీవితము

మన పశువులపై విశేషముగ కనబడు నీలి పిడుదు తన జీవితములో రక్తము త్రాగు కాలమంతయు ఒకే పశువుపై గడపును. గడ్డి కొనలపై వేచియున్న ఆఱుకాళ్ల పిల్ల పశువు తగులగానే పట్టుకొనును. అచటనే రెండుమాఱులు కుబుసము విడిచి, సుమారు మూడు వారములలో పెద్దదగును. ఆడుది కడుపునిండ రక్తము త్రాగి, చిక్కుడు గింజవలె ఉబ్బి నేలరాలి, బీటలలోను చెత్తక్రిందను రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టి చచ్చును. కావున నేడు పీకిన యొక్క ఆడు పిడుదు రేపటి రెండు మూడు వేల పిడుదులను తప్పించినట్లగును.

అనాప్లాస్మా గ్రుడ్లద్వారా పిల్లలకు సాధారణముగ దిగదు. అట్లయిన ఒక పశువుపైననే బ్రతుకు పిడుదు రోగమునెట్లు వ్యాపింపజేయును? మగ పిడుదు ఆడువానిని వెదకుచు, ప్రక్కప్రక్కన కట్టిన పశువులలో ఒకదానిపైనుండి మఱియొకదానిపైకి ప్రాకును. రోగపు రక్తమునిచట త్రాగి, అచట కుట్టును. ఇదిగాక జోరీగలు తమ నోటికంటిన రక్తముతోను, మనుష్యులు కడుగని సూదులు, కొమ్ములు కోయు రంపములు, విత్తులు తీయు కత్తులతోను ఈ రోగమును చేరవేయుదురు. ఒకే సూదితో మందంతటికి మందెక్కించుట రోగమును చేతులార పంచిపెట్టుటయే.

రోగమును దాచుకొను జంతువులు

పిడుదును పోషించు జంతువు వేఱు, రోగమును దాచుకొను జంతువు వేఱు కావచ్చును. అమెరికాలో మనుష్యులకు వచ్చు లైమ్ జబ్బునకు కారణమైన బాక్టీరియాను 1982 లో విల్లీ బర్గ్‌డార్ఫరు ప్రభృతులు లోకమునకు వెల్లడించిరి. అచట పెద్ద పిడుదులకు జింకలు ఆహారమిచ్చును. కాని పిడుదులకు రోగమునంటించునవి ముఖ్యముగ తెల్లకాళ్ల యెలుకలు. అనాప్లాస్మా విషయమున ఈ రెండు పనులను ఆవే చేయును. జబ్బుపడి కోలుకొనిన పశువు కంటికి పూర్తి ఆరోగ్యముతో కనబడినను, దాని రక్తములో ఈ జీవి స్వల్పముగ చిరకాలము, తఱచు జీవితాంతము నిలిచియుండును. అట్టి పశువు తాను చావదు, ఇతర పశువులకు రోగమిచ్చును. సంతలో కొనిన నిగనిగలాడు ఆవువలన ఇంటి పశువులు చచ్చుటకు ఇదియొక కారణము.

దూడలకు ఈ రోగము సోకినను సాధారణముగ తేలికగా పోయి, తరువాత రక్షణ మిగులును. రెండేండ్లు దాటిన తరువాత మొదటిసారి సోకిన పశువులకే ప్రాణాపాయమెక్కువ. పిడుదులు లేని చోట పెరిగిన జెర్సీ, హోల్‌స్టీన్ ఆవులు పిడుదులున్న గ్రామమునకు రాగానే జబ్బుపడుట ఇందుచేతనే. ఒంగోలు, దేవని మొదలగు మన దేశవాళీ పశువులపై పిడుదులు అంతగా నిలువవు.

రోగచిహ్నములు

పిడుదు కుట్టిన తరువాత సాధారణముగ మూడు నుండి ఆఱు వారములకు జ్వరము వచ్చును. పాలు హఠాత్తుగ తగ్గును, నెమరు తప్పును, పేడ గట్టిపడును. కంటి లోపలి పొరయు, చిగుళ్లును మొదట పాలిపోయి, పిమ్మట పచ్చబడును. చూడి ఆవులు ఈసుకొనిపోవచ్చును. మూత్రము ఎఱ్ఱబడదు, ఎఱ్ఱని మూత్రము పోసిన టెక్సాస్ జ్వరమును శంకింపవలెను. రక్తము తక్కువైన పశువును దూరము నడిపించిన త్రోవలోనే పడి చావవచ్చును. కావున పశువును వైద్యశాలకు తోలక, వైద్యునే పశువుకడకు పిలిపించుట మేలు.

చికిత్స

వైద్యుడు చెవి నరమునుండి రక్తపు చుక్కను గాజుపలకపై తీసి, రంగువేసి, సూక్ష్మదర్శినితో చూచి రోగమును నిర్ణయించును. ఆక్సీటెట్రాసైక్లిన్, ఇమిడోకార్బ్ అను మందులు దీనికి పనిచేయును, పెన్సిలిన్ పనిచేయదు. మందు ఎంత త్వరగా పడిన అంత మేలు. మిక్కిలి పాలిపోయిన పశువునకు వేఱొక ఆరోగ్యమైన పశువు రక్తము ఎక్కించుటయు కలదు. మందు వేసిన తరువాత వైద్యుడు చెప్పిన గడువువఱకు పాలు వాడరాదు, అమ్మరాదు.

నివారణ

1. వారమునకు రెండు మాఱులైన పశువు నంతటిని తడిమి చూచి, పిడుదులను చర్మమునకు దగ్గఱగా పట్టి లాగి, నిప్పులో వేయవలెను. చేతితో నలుపరాదు, నేలపై విడువరాదు.

2. కొట్టపు గోడలలోని బీటలు, నేలలోని గుంతలు మట్టితో పూడ్చి సున్నము కొట్టవలెను. పేడ, చెత్త కుప్పలు కొట్టమునకు దూరముగ నుంచవలెను. కోళ్లు పిడుదులను ఏరి తినును.

3. పిడుదుల మందులను వైద్యుని సలహాపై, సీసాపై వ్రాసిన ప్రమాణములోనే కలుపవలెను. పలుచన చేసి తఱచు వాడిన పిడుదులు చావక మందునకు అలవాటుపడును. మందంతటికి ఒకే దినమున, కొట్టమునకును కొట్టవలెను.

4. క్రొత్తగా కొనిన పశువును వేఱుగ కట్టి, పిడుదులు లేకుండ చేసి, వీలైనచో రక్తము పరీక్షించి పిమ్మట మందలో కలుపవలెను.

5. పశువునకొక సూది వాడవలెను. కత్తులు, రంపములు ఒక పశువునకు వాడిన పిమ్మట బాగుగ కడిగి, మరిగించి మఱియొకదానికి వాడవలెను.

మనుష్యుల విషయము

ఈ అనాప్లాస్మా మనుష్యులకు సోకదు. కాని కుక్కలపైనుండు గోధుమరంగు పిడుదు మొదలగు వానివలన, రికెట్సియా కోనోరీ యను బాక్టీరియాచే మనుష్యులకు ఇండియన్ టిక్ టైఫస్ అను జ్వరము వచ్చును. పిడుదు కుట్టిన కొలది దినములకు జ్వరము, తలనొప్పి, అరచేతులకును అరికాళ్లకును గూడ వ్యాపించు ఎఱ్ఱని పొక్కులు కనబడిన ఆలస్యము చేయక డాక్టరునకు చూపి, పిడుదు కుట్టిన సంగతి తప్పక చెప్పవలెను. డాక్సీసైక్లిన్ అను మందుచే ఇది కుదురును. పిల్లలు కుక్కలతో ఆడుకొను ఇండ్లలో కుక్కకు పట్టిన పిడుదులను గూడ ఉపేక్షింపరాదు.

పిడుదులను పూర్తిగ నిర్మూలించుట ఒక్క రైతువలన కాదు. ఊరిపశువులన్నియు ఒకే బీటిలో మేయును గనుక, ఒకడు మందు కొట్టి పదిమంది మానిన ఫలితముండదు. కావున గ్రామస్థులు తొలకరికి ముందే కూడి, ఒకే వారములో అందఱి పశువులకును, కొట్టములకును మందు కొట్టించు ఏర్పాటు చేసికొనవలెను. దానికగు ఖర్చు చచ్చిన యొక్క పాడియావు ఖరీదుకంటె ఎంతయో తక్కువ.