నెలలు నిండినా నొప్పులు రాకపోతే...

తేదీ దాటితే భయం వద్దు, వారం దాటితే ఇంట్లో ఉండొద్దు

(జనగామ, మా విలేఖరి)

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డ. డాక్టరమ్మ రాసిచ్చిన తేదీ వచ్చింది, పోయింది. నొప్పుల జాడ లేదు. వాకిట్లోకి వచ్చిన ప్రతి అమ్మలక్కా ''ఇంకా కాలేదా బిడ్డా?'' అని అడిగేదే. అత్తగారింటి నుంచి రోజుకు రెండుసార్లు ఫోను. వెంటనే ఆపరేషన్ చేయించమని ఒకరు, అమావాస్య పోయాక చూద్దామని మరొకరు. జనగామ చుట్టుపక్కల పల్లెల్లో ఇది కొత్త కథ కాదు.

నిజానికి ఆ తేదీ రైలు టైము కాదు. సరిగ్గా అదే రోజున ప్రసవించేవారు నూటికి నలుగురైదుగురే. 37 వారాలు నిండాక 42 వారాల లోపు ఎప్పుడు కన్నా అది నెలలు నిండిన కాన్పే. తొలి కాన్పు నాలుగు రోజులు వెనక్కి పోవడం మామూలే. ముందు కాన్పు ఆలస్యమైన వారికి తర్వాతదీ ఆలస్యం కావచ్చు.

లెక్కలో తిరకాసు

చివరి బహిష్టు మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. ఇదీ ఆసుపత్రి లెక్క. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే సరిపోతుంది. జనవరి 1న బహిష్టు అయితే కాన్పు తేదీ అక్టోబరు 8.

ఇంటి లెక్క వేరు. తొమ్మిది నెలల తొమ్మిది రోజులంటారు. తెలుగు నెల 29 రోజులన్నర కనుక అది 275 రోజులే. ఐదు రోజుల ముందే 'దాటిపోయింది' అనే బెంగ మొదలవుతుంది. మరికొందరు నెల తప్పిన నాటి నుంచి ఎంచుతారు. అప్పుడు మొత్తం 303 రోజులు, అంటే 43 వారాలు దాటుతుంది. 'ఇంకా నెలలు నిండలేదు' అనుకుంటూ ఇంట్లోనే ఉండిపోతారు. అసలు ప్రమాదం ఈ రెండో లెక్కలోనే ఉంది.

బహిష్టు తేదీ గుర్తు లేనివారికి మూడో నెలలోపు తీయించిన స్కానింగే ఆధారం. తొమ్మిదో నెలలో తొలిసారి తీయిస్తే ఆ తేదీ మూడు వారాల దాకా అటూ ఇటూ కావచ్చు.

వారం దాటితే ఏమవుతుంది?

41 వారాల తర్వాత మాయ పని మందగించవచ్చు. బిడ్డకు అందే ప్రాణవాయువు, ఆహారం తగ్గవచ్చు. ఉమ్మనీరు తగ్గుతుంది. బిడ్డ కడుపులోనే మల విసర్జన చేసి, ఆ నీటిని పీల్చే ప్రమాదం ఉంది. అందరికీ ఇలా జరగదు. అయితే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు రోజురోజుకూ కొంత పెరుగుతుంది.

స్వీడన్ దేశంలో 2,760 మంది గర్భిణులపై జరిపిన పరిశీలన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. 41 వారాలకు నొప్పులు తెప్పించిన వారిలో ఒక్క బిడ్డా చనిపోలేదు. 42 వారాల దాకా ఆగిన వారిలో ఆరుగురు బిడ్డలు దక్కలేదు. దాంతో పరిశీలననే మధ్యలో ఆపేశారు. నొప్పులు తెప్పించినందువల్ల సిజేరియన్లు పెరగలేదు కూడా. 41 వారాలు నిండితే నొప్పులు తెప్పించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ముందు తేదీ సరిచూస్తారు. పొట్టకు బెల్టు కట్టి అరగంటపాటు బిడ్డ గుండె చప్పుడు గమనిస్తారు. స్కానింగులో ఉమ్మనీరు చూస్తారు. అన్నీ బాగుంటే గర్భసంచి ముఖద్వారం మెత్తబడేందుకు జెల్ గానీ బెలూన్ గానీ పెడతారు. తర్వాత సెలైనులో మందు ఎక్కిస్తారు. దీనికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. 'ఇంకా ఎంతసేపు, కోసేయండి' అని కుటుంబసభ్యులు ఒత్తిడి చేయరాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 61 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81కి పైనే. అవసరమైన చోట ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. తేదీ రెండు రోజులు దాటిందనో, ముహూర్తం బాగుందనో చేయించుకునేది మాత్రం కాదు.

ఇవి గుర్తుంచుకోండి

* భోజనం చేశాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పది రాకపోయినా, రోజూ కంటే తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లవారనీ అని ఆగొద్దు.

* నీరు పోయినా, రక్తం కనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆలస్యం చేయొద్దు.

* ఆముదం తాగించొద్దు. వాంతులు, విరేచనాలతో మనిషి నీరసిస్తుంది.

* ఊళ్లో ఆర్‌ఎంపీ చేత నొప్పుల సూది వేయించొద్దు. గర్భసంచి పగిలి తల్లీబిడ్డా ఇద్దరి ప్రాణాలూ పోవచ్చు.

* బీపీ, షుగరు ఉన్నవారు, ముందు ఆపరేషన్ అయినవారు 41 వారాల దాకా ఆగకుండా డాక్టరు చెప్పిన రోజుకే వెళ్లాలి.

జనగామ చంపక్‌హిల్స్‌లో మాతా శిశు ఆసుపత్రి ఉంది. కొడకండ్ల, తరిగొప్పుల వంటి దూరపు మండలాల వారు నొప్పులు వచ్చాక బండి వెతుక్కునే బదులు ముందే ఆశా కార్యకర్తతో మాట్లాడి 102 వాహనం సంగతి చూసుకోవాలి. అత్యవసరమైతే 108 ఉండనే ఉంది. మాతా శిశు రక్షణ కార్డుపై కాన్పు తేదీ రాసి ఉంటుంది. ఆ తేదీకి ఏడు రోజులు కలిపి క్యాలెండరులో గుండ్రంగా గీసుకోండి. అప్పటికీ నొప్పులు రాకపోతే, ఆ రోజు అమావాస్య అయినా సరే, ఆసుపత్రికి బయలుదేరండి.