లీగు పట్టికలో మన ఊరిపేరు

ఈ సంవత్సరము క్రీడాస్థలమున విద్యార్థులు మమ్ము పలుమాఱు అడిగిన ప్రశ్న యొకటి కలదు. దేశమునందలి పెద్ద ఫుట్‌బాలు లీగు పట్టికలో హైదరాబాదు పేరు ఏల కానరాదు? 2022వ సంవత్సరమున ఆ లీగు విజయము మన నగరమునకే దక్కినది గదా! ఆ దినములలో పసుపుపచ్చ చొక్కాలు తొడిగికొని గుడిమల్కాపూరు సందులలో బంతి తన్నిన బాలురు మన తరగతులలో నేటికిని కలరు.

ఒక్కమాటలో ఉత్తరము చెప్పవచ్చును: ఆ జట్టు 2025వ సంవత్సరమున ఢిల్లీకి తరలిపోయినది. కాని అంతమాత్రము చెప్పి ఊరకుండుట బడికి తగిన పని కాదు. తరలిపోవుట ఎట్లు సంభవించినదో తెలియవలెనన్న, కప్పుపోటీ యననేమి, లీగుపోటీ యననేమి, ఆ రెంటికిని గల భేదమెట్టిదో ముందుగా తెలియవలెను. ఈ సంచికను ఆట నెఱుగని తల్లిదండ్రులును చదువుదురు గావున మొదటినుండియే చెప్పెదము.

కప్పుపోటీలో ఓడిన జట్టు ఇంటికి పోవును. పదునాఱు జట్లు దిగినచో పదునైదు ఆటలతో పోటీ ముగియును. ఏలయన ఒక్కొక్క ఆట ఒక్కొక్క జట్టును తొలగించును, తుదకు మిగులవలసినది ఒక్కటే. లీగులో అట్లు కాదు. ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతోను రెండుమాఱులు, ఒకమాఱు తన ఊరిలోను ఒకమాఱు ఎదుటివారి ఊరిలోను, ఆడవలెను. ఆ పదునాఱు జట్లకే లీగు పెట్టినచో 240 ఆటలు పట్టును. లెక్కల తరగతి పిల్లలు సరిచూచుకొనవచ్చును. గెలుపునకు 3 పాయింట్లు, సమముగా ముగిసిన ఆటకు 1, ఓటమికి ఏమియు లేదు. పూర్వము గెలుపునకు రెండే యుండెడివి. సమముగా ముగించి ఒక పాయింటుతో తృప్తిపడు జట్లకంటె గెలుపునకై తెగించి ఆడు జట్లకు మేలు కలుగవలెనని ఇంగ్లండు లీగువారు 1981లో దానిని మూడు చేసిరి; పిమ్మట లోకమంతయు ఆ లెక్కనే అవలంబించెను.

కప్పు గెలుచుటకు రెండు మంచి వారములు చాలును. లీగునకు మాసముల తరబడి నిలుకడ కావలెను. గాయపడినవాని స్థానమున నిలువ మఱియొకడు ఉండవలెను. దూరప్రయాణములకు సొమ్ము ఉండవలెను. ఆటగాండ్రకు నెలనెల జీతము అందవలెను. తనదని చెప్పుకొనదగిన మైదానమును, ఓడినను విడువక వచ్చు జనమును ఉండవలెను. కప్పు ఆటగాండ్ర కాళ్ళను పరీక్షించును. లీగు ఆ జట్టును పోషించు ఇంటినిగూడ పరీక్షించును.

1888వ సంవత్సరము ఈ కథలో చిత్రమైనది. ఆ యేట ఇంగ్లండున పండ్రెండు క్లబ్బులు కూడి లోకములో మొట్టమొదటి ఫుట్‌బాలు లీగును నెలకొల్పెను. ఆ యేటనే మన దేశమున సిమ్లాయందు డ్యూరాండు కప్పు ఆరంభమయ్యెను. 1891లో బొంబాయి రోవర్సు కప్పు వచ్చెను. కలకత్తాలో 1898లో లీగు పుట్టినది గాని అది ఆ ఊరి క్లబ్బులకే పరిమితము. 1941లో మొదలైన సంతోష్ ట్రోఫీ రాష్ట్రముల నడుమ జరుగు పోటీయే గాని క్లబ్బుల లీగు కాదు. క్లబ్బులకు దేశమంతటికిని కలిపి ఒక లీగు ఏర్పడుటకు 1996 వఱకు వేచియుండవలసి వచ్చెను.

ఇంత ఆలస్యము మనకే సంభవించినదని నొచ్చుకొననక్కఱలేదు. దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశమును చూడుడు. ఐదుమాఱులు ప్రపంచకప్పు గెలిచిన దేశమది. అచ్చట సావుపావులో రాష్ట్రపు లీగు 1902లోను, రియోలో 1906లోను మొదలాయెను. దేశపు లీగు మాత్రము 1971లో గాని రాలేదు! అప్పటికే 1958, 1962, 1970 సంవత్సరముల ప్రపంచకప్పులు మూడును వారి బీరువాలో నుండెను. కారణము ముఖ్యముగా దూరము. మన దేశముకంటె రెండింతలకు మించిన విస్తీర్ణముగల నేలపై వారము వారము జట్లను త్రిప్పుట సామాన్యమా? అందుచే ప్రతి రాష్ట్రము తన లీగు తాను ఆడుకొనెడిది; 1959 నుండి ఆ విజేతలకు ఒక కప్పుపోటీ జరిగెడిది.

దేశపు లీగు ఏర్పడిన తరువాతను వారికి కుదురు చిక్కలేదు. ముప్పదియేండ్లపాటు ఏటేట నియమములు మాఱుచుండెను. 1979లో ఆ లీగున చేరిన జట్లు తొంబదినాలుగు! ఎవ్వరిని కాదన్నను ఏదో యొక రాష్ట్రమునకు కోపము వచ్చునని అందఱిని చేర్చుకొన్నట్లు తోచును. పెండ్లిపిలుపుల సంగతి యెఱిగిన మనకు ఇది వింత కాదు. తుదకు 2003లో రెండుమాఱుల వరుస స్థిరపడెను. 2006 నుండి 20 జట్లు, ఒక్కొక్కదానికి 38 ఆటలు. ఫైనలు లేదు, పట్టికలో మొదట నిలిచినదే విజేత. కడపటి నాలుగు జట్లు క్రింది తరగతికి దిగును; క్రిందినుండి నాలుగు పైకి వచ్చును. ఈ దిగుట యెక్కుటలే లీగునకు ప్రాణమని మా అభిప్రాయము. పదునెనిమిదవ స్థానమున నున్న జట్టు చివరి దినము ఆడు ఆటను, మొదటి స్థానపు ఆటవలెనే, జనము ఊపిరి బిగబట్టి చూచెదరు.

ఇక మన ఊరి సంగతి. కప్పుల కాలమున హైదరాబాదును మించిన నగరములు దేశమున అరుదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. డ్యూరాండు కప్పును 1950లో మోహన్ బాగానును ఓడించి గెలిచెను. మఱల 1954లోను 1957లోను గెలిచెను. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదునకు వచ్చెను. ఆటగాండ్రు పోలీసు ఉద్యోగులు గావున జీతమునకు వెదకికొననక్కఱలేదు. ఏటికి నాలుగైదు పోటీలకు రైలెక్కి పోయి కప్పులతో తిరిగి వచ్చెడివారు. ఆ కాలపు పద్ధతికి అంతకంటె మంచి ఏర్పాటు లేదు.

ఆ జట్టును తీర్చిదిద్దినవాడు వృత్తిచే పోలీసు కాడు, బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీముగారు 1909లో ఈ నగరముననే జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల బడులలో పాఠములు చెప్పిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి. 1950 నుండి పోలీసు జట్టునకు శిక్షకులైరి. పాఠము చెప్పు నేర్పు వారి శిక్షణలో కానవచ్చును. కుడికాలి వాటముగల ఆటగాండ్రు ఎడమకాలితోనే తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టిరి. ఎవ్వడును బంతిని తనవద్దనే ఉంచుకొని ఎదుటివారిని తప్పించుచు పరుగెత్తరాదు, వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో మఱికొన్ని పోటీలు జరిపిరి. బలహీనమైన కాలిని బలపఱచుటకును, ఒంటరి ఆటను మాన్పించుటకును ఇంతకంటె సులభమైన ఉపాయము మాకు తోచదు. ఖర్చు ఒక్క బంతియే.

వీరి శిక్షణలో భారతదేశపు జట్టు 1951 ఢిల్లీలోను, 1962 జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సునందు నాలుగవ స్థానమున నిలిచెను. 1963 జూను 11వ తేదీన కాన్సరు వ్యాధిచే వారు మరణించిరి. 2024లో వచ్చిన "మైదాన్" అను హిందీ చలనచిత్రము వీరి కథయే.

అట్టి నగరమునుండి ఆటగాండ్రు ఏల వలసపోయిరి? సికింద్రాబాదు దగ్గఱి అమ్ముగూడలో పుట్టి, 1960 రోము ఒలింపిక్సున హంగేరీమీదను పెరూమీదను గోలు కొట్టిన తులసీదాసు బలరాముగారు 1957లోనే కలకత్తా ఈస్టు బెంగాలు క్లబ్బులో చేరిరి. 1966లో మహమ్మదు హబీబుగారును, సయ్యద్ నయీముద్దీనుగారును ఆ క్లబ్బునకే పోయిరి. 1977లో బ్రెజిలు వీరుడు పెలే న్యూయార్కు కాస్మాసు జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు, మోహన్ బాగాను పక్షమున గోలు కొట్టినవారిలో మన హబీబుగారొకరు. ఆ ఆట 2-2తో సమముగా ముగిసెను. కలకత్తాలో సంవత్సరము పొడుగున లీగు కలదు, క్లబ్బులు కలవు, వేలకొలది జనము కలదు. మన ఊర గొప్ప జట్టుండెను గాని, దానిచుట్టు అట్టి ఇల్లు కట్టబడలేదు. పోలీసు జట్టు బలము తగ్గినప్పుడు దాని స్థానమున నిలువ మఱియొక క్లబ్బు ఈ నగరమున లేకపోయెను.

1996-97లో జాతీయ లీగు మొదలైనప్పుడు చేరిన 12 జట్లలో హైదరాబాదు లేదు. పంజాబునకు చెందిన జె.సి.టి. జట్టు ఆ యేట గెలిచెను. 2007లో ఆ లీగు ఐ-లీగు అను పేర మారెను. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఎనిమిది జట్లతో వేఱుగా పుట్టి, 2019-20 నుండి దేశమున మొదటి తరగతి లీగుగా అంగీకరింపబడెను. ఆ యేటనే హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు స్థాపింపబడి అందు చేరెను. ఆడుచోటు గచ్చిబౌలి మైదానము.

మొదటి యేట 18 ఆటలకు 10 పాయింట్లతో కడపట నిలిచెను. స్పెయిను దేశస్థుడైన మనోలో మార్క్వెజ్ శిక్షకుడై వచ్చిన పిమ్మట మఱుసటి యేట ఐదవ స్థానము దక్కెను. 2021-22లో 20 ఆటలలో పదునొకండు గెలిచి, ఐదింటిని సమము చేసి, 38 పాయింట్లతో రెండవ స్థానమున నిలిచెను. ఇచ్చట ఒక విశేషము చెప్పవలెను. ఆ దినములలో ఈ లీగున పట్టిక ముగియగనే ముందువరుసలోని జట్లకు మఱల కప్పుపోటీ పెట్టి, దాని విజేతనే విజేత యనెడివారు. పట్టికలో మొదటివారికి షీల్డు ఇచ్చెడివారు. ఆ యేట 43 పాయింట్లతో షీల్డు పొందినది జంషెడ్‌పూరు. మన జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సుతో 1-1తో సమమై, పెనాల్టీలలో 3-1తో గెలిచెను. గోలుకీపరు లక్ష్మీకాంతు కట్టిమణి మూడు తన్నులను ఆపెను. మేమును సంతోషించితిమి. అయినను, ఇరువది ఆటలలో ఐదు పాయింట్లు ఎక్కువ తెచ్చుకొన్నవారికి షీల్డును, ఒక రాత్రి గెలిచినవారికి కిరీటమును ఇచ్చుట బ్రెజిలువారి పద్ధతికంటె న్యాయమని చెప్పజాలము.

మఱియొక సంగతి. కోవిడు వ్యాధి కారణమున ఆ యేటి ఆటలన్నియు గోవాలోనే జరిగెను. మన నగరపు జట్టు విజేతయైన సంవత్సరమున మన నగరమున ఒక్క ఆటయు ఆడలేదు! పంటకు నీరు కావలసిన వేళ కాలువ వేఱొక ఊర పాఱినట్లయ్యెను.

2022-23లో 42 పాయింట్లతో మఱల రెండవ స్థానము. ఆ మఱుసటి యేట సొమ్ము కఱవై, జీతములు నిలిచి, విదేశీయులును ముఖ్యులైన ఆటగాండ్రును విడిచిపోయిరి. 22 ఆటలలో ఒక్క గెలుపు, ఐదు సమములు, 8 పాయింట్లు, కడపటి స్థానము. బ్రెజిలులోనైనచో అట్టి జట్టు క్రింది తరగతికి దిగి, తన ఊరిలోనే ఉండి, మఱల ఎక్కుటకు ప్రయత్నించెడిది. సూపర్ లీగున దిగుట అను నియమము లేకుండెను. జట్టు తరగతిని నిలుపుకొనెను గాని ఊరిని నిలుపుకొనలేకపోయెను. యాజమాన్యము మారి, 2025లో ఢిల్లీ చేరి, స్పోర్టింగు క్లబ్బు ఢిల్లీ అను పేరు ధరించెను.

అట్లని లీగు ఆట మన దరి లేకపోలేదు. గుడిమల్కాపూరు నుండి లంగరుహౌసు మీదుగా పడమటికి పోయి చేవెళ్ళ బాట పట్టినచో అజీజునగరు వచ్చును. అచ్చట శ్రీనిధి డెక్కను క్లబ్బువారి మైదానము కలదు. 2015లో విశాఖపట్టణమున పుట్టిన ఈ క్లబ్బు తరువాత మన నగరమునకు వచ్చి, 2021-22లో ఐ-లీగున చేరి, మొదటి యేటనే మూడవ స్థానమున నిలిచెను. సూపర్ లీగునుండి దిగుట అప్పటికి లేకుండినను, ఐ-లీగు విజేత దానిలోనికి ఎక్కుట 2023లో ఆరంభమయ్యెను. ఆ యేట పంజాబు జట్టు ఎక్కెను. 2024లో కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగు ఎక్కెను. ఆ రెండేండ్లును పట్టికలో రెండవ స్థానమున నిలిచినది శ్రీనిధి డెక్కనే.