కాన్పు గదిలో భయం తగ్గాలంటే: లావెండర్ నూనె, తోడు మనిషి

కాన్పు టైంలో లావెండర్ వాసన చూస్తే భయం తగ్గుతుందట కదా, మరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ నూనె ఇస్తారా?

ఇవ్వరు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద 2011 నుంచి కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకి 3 రోజులు, సిజేరియన్‌కి 7 రోజుల వరకు భోజనం కూడా పెడతారు. లావెండర్ నూనె మాత్రం ఈ జాబితాలో లేదు.

అలాగని ఆ మాట ఉత్తిదేం కాదు. ఇరాన్, తుర్కియే దేశాల్లో నొప్పులు పడుతున్న తల్లులతో జరిగిన కొన్ని అధ్యయనాల్లో, ఈ వాసన పీల్చినవారికి ఆందోళన కొంత తగ్గినట్టు కనిపించింది. అయితే చాలావరకు అవి చిన్న అధ్యయనాలు. పైగా వాసన తల్లికి తెలిసిపోతుంది కాబట్టి, తగ్గింది నూనె వల్లా, నమ్మకం వల్లా అని విడదీయడం కష్టం.

వాడాలనుకుంటే ముందు డాక్టరుకో స్టాఫ్ నర్సుకో చెప్పండి. ఒకటి రెండు చుక్కలు దూదిమీద వేసి, ముక్కుకి కాస్త దూరంగా పెట్టుకుంటే చాలు. తాగకూడదు, నేరుగా ఒంటికి రాయకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, ఘాటు వాసనకి వాంతి వచ్చేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. పక్క మంచం మీద ఉన్న తల్లికి పడకపోవచ్చు, అదీ చూసుకోవాలి. ఫ్యాన్సీ షాపులో దొరికే లావెండర్ సెంటు వేరు, ఈ నూనె వేరు. అప్పు చేసి కొనాల్సిన వస్తువు మాత్రం అస్సలు కాదు.

దీనికంటే గట్టి ఆధారం ఉన్నది, పైసా ఖర్చులేనిది ఒకటుంది: తోడు మనిషి. నొప్పుల్లో పక్కన ఎడతెగకుండా ఒకరు తోడున్న తల్లులపై జరిగిన 26 అధ్యయనాలను 2017లో కలిపి చూశారు. అందులో 15 వేల మందికి పైగా తల్లులున్నారు. తోడున్నవారికి సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయమూ కొంత తగ్గింది.

కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీనికి అనుమతిచ్చింది. అమ్మ, అత్త, అక్క, వదిన... కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషైతే మంచిది. గదిలో చాటు ఏర్పాటు ఉన్నచోట భర్తనూ అనుమతించవచ్చు. వచ్చేవాళ్లకి జ్వరం, దగ్గులాంటి అంటు జబ్బులు ఉండకూడదు. ఉతికిన బట్టలతో రావాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. నడుం రాయడం, మంచినీళ్లు పట్టడం, "నేనున్నానమ్మా" అని చెయ్యి పట్టుకోవడం, ఇవే వాళ్ల పని.

ఎవరు రావాలో ఎనిమిదో నెలలోనే తేల్చుకుని ఏఎన్‌ఎంకి చెప్పండి. నొప్పులొచ్చాక గుమ్మం దగ్గర వాదించుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఒక్క జాగ్రత్త. రక్తస్రావం, ఫిట్స్, కళ్లు మసకబారడం, విపరీతమైన తలనొప్పి, బిడ్డ కదలిక తగ్గడం... వీటిని భయం అనుకుని వాసన చూపిస్తూ కూర్చోవద్దు. ఆసుపత్రిలో ఉంటే వెంటనే నర్సుని పిలవండి, ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయండి.