వీసా ఎక్కడ ఆగింది?

గల్ఫ్ పని వీసాకి దరఖాస్తు పెట్టేది వెళ్లే మనిషి కాదు, అక్కడి యజమాని. హైదరాబాద్ పాతబస్తీలో, బార్కస్‌లోనో యాకుత్‌పురాలోనో కూర్చుని "నా వీసా రిజెక్ట్ అయింది" అని దిగులుపడే కుర్రాడికి ఈ ఒక్క సంగతి ఎవరూ విడమర్చి చెప్పరు. సౌదీలో కంపెనీ గానీ కఫీల్ (స్పాన్సర్ చేసే యజమాని) గానీ ముందుగా తమ కార్మిక శాఖ దగ్గర అనుమతి తీసుకుంటారు. ఏ దేశం వాళ్లు, ఏ పనికి, ఎంతమంది అన్నది అందులోనే రాసి ఉంటుంది. ఆ అనుమతి మీద ఇక్కడి ఏజెన్సీకి వకాలా, అంటే తమ తరఫున మనుషుల్ని తీసుకునే అధికార పత్రం, ఇస్తారు. మన పాస్‌పోర్ట్, మెడికల్, పోలీస్ క్లియరెన్స్, చదువు కాగితాలు ఆ వకాలా కింద చేరి కాన్సులేట్‌కి వెళ్తాయి. ఎక్కడైనా ఆగితే, ఎందుకు ఆగిందో ముందు తెలిసేది యజమానికి, ఆ తర్వాత ఏజెన్సీకి. వెళ్లాల్సినవాడి దాకా వచ్చేది ఒక్క మాటే: "రిజెక్ట్ అయింది భాయ్, మళ్లీ వేద్దాం."

డబ్బు పోయేది ఆ "మళ్లీ వేద్దాం" దగ్గరే. కారణం తెలుసుకోకుండా అదే ఫైలు తిప్పి వేస్తే అదే జవాబు వస్తుంది. ఈలోగా మెడికల్ గడువు తీరుతుంది, మళ్లీ ఫీజు. పోలీస్ క్లియరెన్స్ పాతబడుతుంది, మళ్లీ తిరుగుడు. కుదువ పెట్టిన అమ్మ నగల మీద వడ్డీ మాత్రం ఒక్కరోజు కూడా ఆగదు.

పాతబస్తీకి అరబ్ దేశాలతో బంధం ఇవాళ్టిది కాదు. నిజాం సైన్యంలో కొలువు చేసిన యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బుల బ్యారక్‌లే బార్కస్ అయ్యాయి. 1948 తర్వాత ఆ కొలువులు పోయాయి. 1973లో చమురు ధరలు ఎగబాకాక గల్ఫ్ పిలిచింది. డ్రైవర్లు, దర్జీలు, ఏసీ మెకానిక్‌లు, వంటవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు తరం వెంట తరం వెళ్లారు. 2013లో సౌదీ తన పౌరులకి ఉద్యోగాల్లో వాటా ఉండాలన్న నితాకత్ నిబంధనలను బిగించినప్పుడు కొందరు తిరిగొచ్చారు. 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల తలకి నెలకి 100 రియాళ్ల చొప్పున రుసుము పెట్టి, ఏటా వంద పెంచుతూ 2020 నాటికి 400 చేసినప్పుడు ఇంకొందరు భార్యాపిల్లల్ని వెనక్కి పంపేశారు. అందుకే ఇక్కడ మళ్లీ దరఖాస్తు పెట్టేవాళ్లలో చాలామందికి అక్కడ పాత రికార్డు ఉంటుంది. ఆ రికార్డే చాలాసార్లు వీసాని ఆపుతుంది.

ముందు దాని సంగతే చూద్దాం. సెలవు మీద ఎగ్జిట్ రీ ఎంట్రీ వీసాతో ఇంటికొచ్చి, కఫీల్ జీతం సరిగా ఇవ్వడం లేదని తిరిగి వెళ్లకుండా ఉండిపోయినవాళ్లు పాతబస్తీలో లెక్కలేనంతమంది. గడువులోగా తిరిగి రాకపోతే సౌదీ మూడేళ్ల నిషేధం వేసేది. పాత యజమాని దగ్గరికైతే వెళ్లే వీలుండేది, కొత్త యజమాని దగ్గరికి కుదిరేది కాదు. ఈ సంగతి తెలియక ఆ మూడేళ్లలో ఒక ఏజెంటు తర్వాత ఇంకో ఏజెంటుకి డబ్బు కట్టినవాళ్లున్నారు. ఎన్ని ఫైళ్లు వేసినా కాన్సులేట్ దగ్గర ఆ పేరు ఆగిపోయేది. 2024 జనవరిలో సౌదీ ఈ నిషేధం ఎత్తేసింది. అంతకుముందు ఇదే కారణంతో ఆగినవాళ్లకి ఇప్పుడు మళ్లీ ప్రయత్నించడంలో అర్థం ఉంది.

హురూబ్ కథ వేరు. పనివాడు పారిపోయాడని యజమాని రాయించేదే హురూబ్. జీతం అడిగినందుకు కక్షగట్టి రాయించిన సందర్భాలు కోకొల్లలు. 2022 అక్టోబరు నుంచి సౌదీ కొంత మార్పు తెచ్చింది. పనికి రావడం లేదని ఫిర్యాదు వచ్చాక ఆ కార్మికుడు వేరే యజమాని దగ్గరికి మారడానికో, దేశం విడిచి వెళ్లడానికో 60 రోజుల గడువు ఉంటుంది. అంతకు ముందు హురూబ్ పడి తర్హీల్ నుంచి, అంటే డిపోర్టేషన్ కేంద్రం నుంచి, వేలిముద్రలు ఇచ్చి వచ్చినవాళ్ల పరిస్థితి కష్టం. పని వీసాకి ఆ దారి మూసుకుపోయిందనే అనుకోవాలి. అయితే క్షమాభిక్షలో వచ్చినవాళ్లు వేరు. 2017 మార్చి 29న సౌదీ మొదలుపెట్టిన 90 రోజుల క్షమాభిక్షలోనూ, 2024 మార్చి 17 నుంచి కువైట్ ఇచ్చిన మూడు నెలల గడువులోనూ వెళ్లిపోయినవాళ్లు సక్రమంగా తిరిగి రావచ్చని ఆ ప్రభుత్వాలే ప్రకటించాయి. అప్పటి ఎగ్జిట్ కాగితం మీ దగ్గర ఉంటే పారేయకండి. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, ప్రొబేషన్‌లో నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోయిన మనిషికి ఏడాదిపాటు కొత్త పర్మిట్ రాదు. అలాంటివాళ్లు ఆ ఏడాది గడిచేదాకా ఎవరికీ పైసా కట్టకూడదు.

పాస్‌పోర్ట్ కొత్తది తీసుకుని పేరులో ఒక అక్షరం మార్చుకుంటే పాత రికార్డు మాసిపోతుందని చెప్పే దళారులు ఇంకా ఉన్నారు. సౌదీలో వేలిముద్రలు, యూఏఈలో కంటిపాప స్కాన్ ఎప్పుడో వచ్చేశాయి. వేళ్లూ కళ్లూ మారవు. దొరికిపోతే మునుపటి చిన్న తప్పు మీద మోసం అన్న పెద్ద తప్పు చేరుతుంది.

ఇక మెడికల్. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు గామ్కా అని పిలిచే పరీక్షే ఇప్పుడు వఫీద్ పేరుతో నడుస్తోంది. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి ఉంటే అన్‌ఫిట్. ఎక్కువమందిని దెబ్బతీసేది మాత్రం ఊపిరితిత్తుల ఎక్స్‌రే. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి, ఆర్నెల్లు మందులు వాడి, పూర్తిగా నయమైన మనిషికి కూడా ఛాతీలో మచ్చ మిగిలిపోవచ్చు. ఆ మచ్చ చాలు, అన్‌ఫిట్ అంటారు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. ఆ మనిషి వల్ల ఎవరికీ జబ్బు అంటదు, ఇరుకు గల్లీల్లో పెరిగిన పేదవాడికి ఆ మచ్చ ఉండే అవకాశమే ఎక్కువ. న్యాయమైనా కాకపోయినా అక్కడి నిబంధన అది. ఒక సెంటర్లో అన్‌ఫిట్ అయితే ఆ ఫలితం ఒకే వ్యవస్థలోకి వెళ్తుంది, మిగతా సెంటర్లకీ కనిపిస్తుంది. "ఇంకో సెంటర్లో సెట్ చేయిస్తా" అని పాతికవేలు అడిగేవాడి మాట నమ్మితే జరిగేది ఒకటే. ఒకవేళ ఎలాగో ఇక్కడ దాటించినా, అక్కడ దిగాక ఇకామా (నివాస అనుమతి) కోసం మళ్లీ మెడికల్ చేస్తారు. ఆ ఎక్స్‌రేలోనూ మచ్చ ఉంటుంది. అప్పుడు ఉద్యోగం పోతుంది, అప్పు మిగులుతుంది. బీపీ, షుగర్ లాంటివి అదుపులోకి తెచ్చుకుని మళ్లీ పరీక్షకి వెళ్లొచ్చు. మచ్చ ఉన్నవాళ్లు మాత్రం గల్ఫ్ బయట ఆలోచించడం మేలు. బ్రిటన్ ఆర్నెల్లకు మించిన వీసాకి మన దేశం నుంచి వెళ్లేవాళ్లని టీబీ పరీక్ష అడుగుతుంది గానీ, చూసేది జబ్బు ఇప్పుడు ఉందా లేదా అన్నదే. ఉంటే చికిత్స ముగించుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోమంటుంది.

పేర్ల చిక్కు పాతబస్తీది ప్రత్యేకం. పాస్‌పోర్ట్‌లో మొహమ్మద్ అని పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో ఎం.డి. అని రెండక్షరాలే ఉంటాయి, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. పెళ్లయ్యాక ఆడవాళ్ల పేరు చివర బేగం చేరుతుంది, పాత కాగితాల్లో ఉండదు. డిగ్రీ గానీ డిప్లొమా గానీ అటెస్టేషన్‌కి వెళ్లినప్పుడు ఈ తేడా బయటపడి ఫైలు తిరిగొస్తుంది. ఇంటిపేరు ఖాళీగా, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్ట్‌లను విజిట్ వీసాకి అనుమతించేది లేదని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. తర్వాత లోపలి పేజీలో తండ్రి పేరు ఉంటే సరేనంది. ఇంత చిన్న విషయానికి ఎంతమంది విమానాశ్రయం దాకా వెళ్లి వెనక్కి వచ్చారో! టెన్త్ మెమో దిద్దించడం కంటే దానికి సరిపోయేలా పాస్‌పోర్ట్ రీ ఇష్యూ చేయించుకోవడం సులువు. అయితే వకాలా, మెడికల్ అన్నీ పాస్‌పోర్ట్ నంబరుకి ముడిపడి ఉంటాయి, కాబట్టి ఈ పని ముందు పూర్తి చేసి ఆ తర్వాతే ఫైలు కదపాలి.

పోలీస్ క్లియరెన్స్ దగ్గర ఆగేవాళ్లకి ఒక మాట. గల్లీలో కొట్లాట, పాత ట్రాఫిక్ గొడవ, లోక్ అదాలత్‌లో రాజీపడిన కేసు లాంటివి కోర్టులో ముగిసినా పోలీసు రికార్డులో పెండింగ్ అనే కనిపిస్తుంటాయి. నాంపల్లి క్రిమినల్ కోర్టుల నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చి స్టేషన్‌లో ఇచ్చి, రికార్డు సరిచేయించుకున్నాకే మళ్లీ దరఖాస్తు చేయాలి. కేసు ఇంకా నడుస్తుంటే, 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద కోర్టు అనుమతితో పాస్‌పోర్ట్ దొరకొచ్చు. కానీ మచ్చలేని క్లియరెన్స్ దొరకదు. ముందు కేసు తేల్చుకోవడమే దగ్గర దారి.

పనితనం పరీక్ష సంగతి సులువు. సౌదీ 2021లో మొదలుపెట్టిన నైపుణ్య పరీక్షలు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్ లాంటి పనులతో ఆరంభమయ్యాయి. ఫెయిలైతే నేర్చుకుని మళ్లీ రాయొచ్చు, సిగ్గుపడే పనేమీ లేదు. కష్టమంతా డ్రైవర్‌కి వెల్డర్ వీసా మీద ఫైలు వేసే ఏజెంటుతోనే.

మన ప్రభుత్వం వైపు నుంచి కూడా ప్రయాణం ఆగొచ్చు. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్ట్‌కి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) వర్తిస్తుంది. అలాంటివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకి పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ అనుమతి కావాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండి ఉండాలి. అనుమతి రాలేదనగానే "విజిట్ వీసా మీద వెళ్లమ్మా, అక్కడ మార్పిస్తాం" అంటారు. పాతబస్తీ ఆడవాళ్లు ఎక్కువగా చిక్కుకున్నది ఇక్కడే. అలా వెళ్లిన మనిషి పేరు ప్రభుత్వ వెబ్‌సైట్ ఇ-మైగ్రేట్‌లో ఉండదు, కాంట్రాక్టు ఉండదు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద వచ్చే 10 లక్షల బీమా ఉండదు. అక్కడ యజమాని తలుపులు మూసేస్తే ఎంబసీకి ఆమె ఎక్కడుందో కూడా తెలియదు. అనుమతి రాకపోతే కారణం సరిచేసుకుని అక్కడికే మళ్లీ వెళ్లాలి తప్ప, చాటు దారి పట్టొద్దు. చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్లు ఓపెన్ స్కూల్‌లో టెన్త్ పాసైతే ఈసీఆర్ బెడదే పోతుంది. ఆర్నెల్లు ఆలస్యమైనా అది జీవితాంతం పనికొస్తుంది.

బ్రిటన్, కెనడా పద్ధతి వేరు. అక్కడ దరఖాస్తుదారు మనమే, తిరస్కరణ కాగితం మన చేతికే వస్తుంది, కారణం అందులో రాస్తారు. కెనడాకి ఎప్పుడైనా మళ్లీ వేసుకోవచ్చు, కానీ రాసిన కారణానికి కొత్త ఆధారంతో జవాబు చెప్పాలి. ఇంతకుముందు ఎక్కడైనా తిరస్కరణ వచ్చిందా అని ఫారంలో అడిగినప్పుడు లేదని రాస్తే, కెనడా దాన్ని తప్పుడు సమాచారంగా చూసి ఐదేళ్లు తలుపు మూస్తుంది. బ్రిటన్‌లో మోసానికి పదేళ్లు. తిరస్కరణ వచ్చిందని ఒప్పుకోవడం వల్ల పెద్ద నష్టం ఉండదు, దాచడం వల్లే ఉంటుంది.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఆ తిరస్కరణ కాగితం ఎవరూ ఇవ్వరు కాబట్టి అడిగి తీసుకోవాలి. రిజిస్టరైన ఏజెన్సీ తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. దానికి రసీదు ఇవ్వాలి. సబ్ ఏజెంటు అనేవాడికి చట్టంలో స్థానమే లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపితే రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా అని చట్టం చెబుతోంది. లక్షలు గుంజినవాడికి రెండువేల జరిమానా! 1983 తర్వాత ఈ అంకెను పెంచకపోవడం పార్లమెంటు తప్పే. ఏజెన్సీ లైసెన్సు నిజమా కాదా అన్నది ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశాలకి మనుషుల్ని పంపుతుంది.

రెండోసారి ఫీజు కట్టే ముందు ఏజెన్సీని ఇవి అడగండి: ఫైలు మెడికల్ దగ్గర ఆగిందా, కాన్సులేట్‌లోనా, యజమాని వైపునా? ఆ కారణం కాగితం మీద చూపించగలరా? ఈసారి ఏం మారుస్తారు? జవాబు రాకపోతే పాస్‌పోర్ట్ వెనక్కి తీసుకోండి. చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి, ఏజెంటుకి దాన్ని అట్టిపెట్టుకునే హక్కు లేదు. ఇవ్వనంటే రసీదుతో సహా ప్రొటెక్టర్ కార్యాలయంలోనూ పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయండి.