కంటికి కనబడని తీగ

2016 ఏప్రిల్ నెలలో దేశంలోని తొమ్మిది రైల్వే స్టేషన్లకు ఒకేసారి ఒక కొత్త సౌకర్యం సమకూడింది. వాటిలో విశాఖపట్నం, విజయవాడ, కాచిగూడ తెలుగు గడ్డ మీదివి. పుణె, భోపాల్, రాంచీ, భువనేశ్వర్, ఎర్నాకుళం మరి ఐదు. తొమ్మిదవది మా రాయపూర్. రైల్వేల అనుబంధ సంస్థ అయిన రైల్‌టెల్ పట్టాల వెంట పరచిన గాజు తంతువుల ఆధారంతో, గూగుల్ సంస్థ తోడ్పాటుతో, ప్లాట్‌ఫారం మీద నిలబడిన ప్రయాణికునికి పైకం లేకుండా వైఫై అందించడమే ఆ సౌకర్యం. అదే ఏడాది జనవరిలో ముంబయి సెంట్రల్‌తో మొదలైన ఆ పథకం 2018 జూన్‌లో అస్సాంలోని డిబ్రూగఢ్‌తో నాలుగు వందల స్టేషన్లను ముట్టింది. 2020లో గూగుల్ తప్పుకొంటున్నట్లు ప్రకటించింది. రైల్‌టెల్ ఆగలేదు, 2021 మే నాటికి ఆరు వేల స్టేషన్లు పూర్తిచేసింది.

విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా కొండలు చీల్చుకుంటూ రాయపూర్‌కు వచ్చే రైలు మార్గం 1931లో పూర్తయింది. మనవాళ్ళు ఎందరో ఆ దారినే ఈ ఊరు చేరారు. ఆ దారికి ఈ కొసనా ఆ కొసనా ఉన్న రాయపూర్‌కు, విశాఖకు ఒకే నెలలో, ఒకే జాబితాలో వైఫై రావడం కాకతాళీయమే అయినా చూడ ముచ్చటగా ఉన్నది.

ఆ తొమ్మిదింటిలో ఒకటైన ఎర్నాకుళంలో సామాన్లు మోసే ఒక కూలీ 2018లో పత్రికల కెక్కాడు. చేతిలో పెట్టె, చెవిలో ఇయర్‌ఫోను. స్టేషను వైఫై ద్వారా దింపుకొన్న పాఠాలను మోత మోస్తూనే వింటూ, కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వ్రాత పరీక్షలో అతడు నెగ్గాడు. అతడు ఏకంగా కలెక్టరైపోయాడని తరువాత ఒక కథ దేశమంతా పాకింది గాని, ఆనాటి వార్తల్లో ఉన్నది గ్రామ స్థాయి ఉద్యోగానికి జరిగిన పరీక్ష మాత్రమే. ఆ మాత్రం నిజం చాలదా మనకు? అటువంటి వానికి వైఫై అందకపోతే కలిగే నష్టం, సినిమా చూస్తున్నవానికి బొమ్మ ఆగిపోతే కలిగే చిరాకు వంటిది కాదు. దరఖాస్తు, ఫీజు, హాల్ టిక్కెట్టు, సీటు ఎంపిక అన్నీ నేడు గడువు తేదీతో సహా కంప్యూటరు తెర మీదనే జరిగిపోతున్నాయి. గడువు రాత్రి పన్నెండింటికి ముగుస్తుంటే, పదకొండింటికి తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోవడం ఎంత నరకమో అనుభవించిన తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి వేళల్లో నిండా తొంభై మంది చేసే పని రౌటరును తిట్టుకోవడం. తక్కిన పదిమంది దానిని ఆపి మళ్ళీ వెలిగిస్తారు. రెండవ పద్ధతి అంత తెలివితక్కువది కాదు. కాని ఎందుకు చేస్తున్నామో తెలిసి చేస్తే మరింత మేలు.

మొట్టమొదట గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. మన కంప్యూటరు నుంచి ప్రపంచానికి పోయే దారిలో రెండు మజిలీలున్నాయి. కంప్యూటరు నుంచి రౌటరు దాకా గాలి మీద ఒకటి. రౌటరు నుంచి ఊరి బయటకు తీగ మీద రెండవది. వైఫై అనేది మొదటి మజిలీకే పేరు. తెర మూలన విసనకర్ర వంటి గుర్తు నిండుగా వెలుగుతున్నదంటే మొదటి మజిలీ కుశలమని అర్థం. రెండవ దాని గురించి ఆ విసనకర్ర సాధారణంగా ఏమీ చెప్పదు. వీధి మొదట తవ్వకాల్లో తీగ తెగిపోయి ఉన్నా అది అట్లాగే నిండుగా నవ్వుతూ ఉంటుంది. ‘ఫుల్ సిగ్నల్ ఉన్నది, నెట్ మాత్రం లేదు’ అని వాపోయేవారు తమకు తెలియకుండానే జబ్బును సరిగ్గా గుర్తించినవారే. ఇంట్లోని ఫోనును అదే వైఫైకి తగిలించి చూస్తే సగం విచారణ పూర్తవుతుంది. ఫోనుకూ రాకపోతే తప్పు రౌటరుదో, దాని వెనుక తీగదో; ఫోనుకు వచ్చి కంప్యూటరుకు రాకపోతే తప్పు కంప్యూటరుదే.

రైల్వే స్టేషనులో మరొక చిక్కు. అక్కడి వైఫైకి తాళం ఉండదు. తగులుకొన్న వెంటనే తెర మీద ఒక పుట తెరుచుకొని ఫోను నంబరు అడిగి, సంకేత సంఖ్య పంపి, అది నింపిన తరువాతనే గేటు తీస్తుంది. ఆ పుట ఒక్కొక్కసారి తనంతట తాను తెరుచుకోదు. ప్రయాణికుడు నిండు విసనకర్రను చూస్తూ కూర్చుంటాడు. బ్రౌజరు తెరిచి ఏదో ఒక చిరునామా కొట్టి చూస్తే ద్వారపాలకుడు సాధారణంగా బయటికి వస్తాడు.

వృత్తిరీత్యా అనువాదకులకు ఉండే ఒక దురద ఇక్కడ చెప్పుకోవాలి. వైర్‌లెస్‌కు పూర్వం మన పత్రికలవారు ‘నిస్తంత్రి’ అనే చక్కని మాట వాడేవారు. వైఫైకి అటువంటి మాట కుదరదు. ఎందుకంటే ఆ మాటకు అసలు అర్థమే లేదు. ఈ విధానానికి ఇంజనీర్లు 1997లో పెట్టిన పేరు 802.11 అనే ఒక సంఖ్య. దానిని అంగట్లో ఎవరు అడిగి కొంటారు? అందుకని 1999లో తయారీదారుల సంఘం పేర్లు పెట్టడమే వృత్తిగా గల ఇంటర్‌బ్రాండ్ అనే సంస్థను ఆశ్రయించింది. పాటల పెట్టెల నాటి ‘హైఫై’కి ప్రాస కలిసేటట్లు వారు ఈ పేరు అల్లారు. తరువాత సంఘంవారు ‘ఫిడెలిటీ’ అనే మాటను ఒక నినాదంలో ఇరికించగా, అదే దాని పూర్తి రూపమని లోకం నమ్మింది. ఇప్పటికీ పోటీ పరీక్షల పుస్తకాలు ఆ తప్పునే వల్లె వేయిస్తున్నాయి.

ఇక ఆ గాలి మీది మజిలీ ఎట్లా నడుస్తుంది? అవి రేడియో తరంగాలే. 1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోస్ అటువంటి తరంగాలతోనే తీగ లేకుండా దూరాన ఉన్న గంటను మోగించి చూపాడు. నేటి రౌటర్లు ప్రధానంగా రెండు పౌనఃపున్యాలలో మాట్లాడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఇంచుమించు పన్నెండున్నర సెంటీమీటర్లు. అది గోడలను కొంత మేలుగా దాటుతుంది గాని, అక్కడ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం అందులో సగం పొడవు కూడా ఉండదు. వేగం ఎక్కువ, గోడల దగ్గర నీరసం. రౌటరు ఈ రెండింటికీ రెండు పేర్లు చూపుతుంటే, దూరపు గదికి మొదటిదీ, దగ్గరి బల్లకు రెండవదీ వాడుకోవడం యుక్తం. పాత కంప్యూటర్లు కొన్నింటికి రెండవ పేరు అసలు కనబడదు. అది వాటి లోపం కాదు, వయస్సు.

గాలిలో అందరిదీ ఒకే వేదిక. అందుచేత ప్రతి పరికరమూ ముందు చెవియొగ్గి విని, ఎవరూ మాట్లాడటం లేదని రూఢి చేసుకొని నోరు విప్పుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరి మాటలూ పాడవుతాయి. అప్పుడు చెరి కొంతసేపు, లెక్క లేకుండా తోచినంతసేపు, ఆగి మళ్ళీ ప్రయత్నిస్తారు. ఈ మర్యాదకు మూలం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల నడుమ నడిపిన అలోహా అనే వ్యవస్థలో ఉన్నది. అపార్ట్‌మెంటులో ఇరవై ఇళ్ళకు ఇరవై రౌటర్లుంటే సాయంకాలం వేగం ఎందుకు పడిపోతుందో దీనినిబట్టి తెలుస్తుంది. మన దేశంలో 2.4 పట్టీని పదమూడు చానెళ్ళుగా విభజించారు గాని, అవి ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఒకదానినొకటి తాకకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్క ఇళ్ళవారు 6లో ఉంటే మనం రౌటరును 1కో 11కో మార్చుకోవాలి. మధ్యేమార్గమని 4కు మార్చితే ఇరుపక్షాలకూ శత్రువులమవుతాము. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరనే పనిచేస్తుంది. అది తిరుగుతున్నంతసేపు వైఫై తడబడితే ఆశ్చర్యం లేదు.

గోడల కంటె దుర్మార్గమైనవి రెండు: లోహం, నీరు. లోహం తరంగాన్ని తిప్పి కొడుతుంది, నీరు మింగేస్తుంది. ఇనుప బీరువా, నిలువుటద్దం వెనుక పూత, కాంక్రీటులోని ఇనుప చువ్వలు, చేపల తొట్టి ఈ కోవలోనివే.

రాయపూర్ ఎండల సంగతి విననివారుండరు. మే నెల వస్తే ఇక్కడ ప్రతి కిటికీలోనూ ఒక కూలర్ వెలుస్తుంది. మా వీధిలో రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. వారి మనుమరాలు కళాశాల సీటుకు ఎంపికలు నింపవలసిన చివరి రోజున వెనుక గదిలో ఇంటర్నెట్ ఆడింది, ఆగింది, మళ్ళీ ఆగింది. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు రౌటరు పాతబడిందనీ, కొత్తది కొనక తప్పదనీ తేల్చాడు. పెద్దాయనకు ఆ మాట రుచించలేదు. “వానాకాలమంతా నడిచి ఎండాకాలంలో మూలబడే రౌటరును నేనెక్కడా చూడలేదండీ” అన్నారు.

కీలకం ఆ మాటలోనే ఉన్నది. ల్యాప్‌టాప్‌ను వరండాలోకి తెచ్చి చూస్తే దివ్యంగా పనిచేస్తున్నది. కాబట్టి రౌటరూ బాగున్నది, దాని వెనుక తీగా బాగున్నది. అదే యంత్రాన్ని వెనుక గదికి తీసుకుపోతే మళ్ళీ మొదటికి వచ్చింది. అక్కడ ఫోను కూడా అంతే. కాబట్టి కంప్యూటరూ నిర్దోషే. మిగిలింది వరండాకూ గదికీ నడుమ ఉన్న స్థలం. ఆ నడిమి కిటికీలో పదిరోజుల క్రితం కూలర్ బిగించారు: రేకు పెట్టె, దాని అడుగున తొట్టెడు నీళ్ళు, మూడు పక్కలా తడిసిన గడ్డి. లోహమూ నీరూ కలిసి కట్టిన గోడ! సంవత్సరమంతా ఆ కిటికీ చెక్క తలుపుల గుండా వస్తున్న తరంగాలకు దారి మూసుకుపోయింది. రౌటరును గోడ మీద అడుగున్నర పైకి, గది గుమ్మం ఎదుటికి జరిపారు. అమ్మాయి ఎంపికలు నింపి ముగించేసరికి గడువుకు ఇంకా రెండు గంటలుంది. కొత్త రౌటరు కొనలేదు.

ఒక్కసారికి ఒక్క సంగతే మార్చి చూడటం ఈ విద్యకంతటికీ ప్రాణం. రౌటరును ఆపి, సంకేత పదాన్ని మార్చి, కంప్యూటరును తుడిచి అన్నీ ఒకేసారి చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు; వచ్చేవారం మళ్ళీ అదే పాట.

కంప్యూటరులోనే తప్పున్నదని తేలితే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. విమానం గుర్తు గల మీట పొరపాటున నొక్కబడి ఉండవచ్చు. సంకేత పదంలో పెద్దక్షరానికి చిన్నక్షరం, సున్నకు ‘ఓ’ పడి ఉండవచ్చు. రౌటరు సంకేత పదం మార్చిన తరువాత కంప్యూటరు పాతదానినే పట్టుకు వేళ్ళాడుతుంటే, ఆ పేరును ‘మరిచిపొమ్మని’ ఆజ్ఞాపించి మళ్ళీ తగిలించాలి. కంప్యూటరు చిరునామా 169.254తో మొదలవుతున్నదంటే రౌటరు దానికి చిరునామా ఇవ్వలేదనీ, ఎదురుచూసి విసిగి అది తానే ఒకటి కల్పించుకొన్నదనీ అర్థం. ఇక్కడే ఆపి వెలిగించే వైద్యం నిజంగా పనిచేస్తుంది. గడియారం తప్పినా ప్రమాదమే. లోపలి బ్యాటరీ నీరసించి తేదీ వెనక్కి పోయిన కంప్యూటరు, ప్రతి వెబ్‌సైటు చూపే అధికార పత్రాన్ని కాలం చెల్లని దొంగ పత్రమని తోసిపుచ్చుతుంది. తేదీ దిద్దితే సరి.

గోడలు దాటలేని ఈ తరంగమే ఆరుబయట ఎంత దూరం పోగలదో చూపినది మన పశ్చిమ గోదావరి. 2.4 పట్టీని మన ప్రభుత్వం 2005 జనవరిలో లైసెన్సు నుంచి మినహాయించింది. ఆ దశాబ్దంలోనే బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో ఆ జిల్లా పల్లెలను దూరపు వైఫైతో కలిపి, పట్నంలోని వైద్యులను, ఉపాధ్యాయులను తెర మీద పల్లెవారి ఎదుట కూర్చోబెట్టింది. ఎత్తైన స్తంభాలు, ఒకదానికొకటి గురిపెట్టిన యాంటెన్నాలు, నడుమ పచ్చని చదును నేల, అడ్డేమీ లేదు. ఈ దూరపు లంకెలను శోధించిన కాన్పూరు ఐఐటీ పరిశోధకులకు దూరమే ఒక సమస్య అయింది. తరంగానికి కిలోమీటరుకు మూడు మైక్రోసెకండ్లకు పైగా పడుతుంది. ఇంటి గదికని వ్రాసిన నియమావళిలో జవాబు కోసం వేచి ఉండే వ్యవధి అంతకు చాలదు. జవాబు దారిలో ఉండగానే పోయిందనుకొని మళ్ళీ పంపుతుంది. అందుచేత ఆ నియమాలనే తిరగవ్రాయవలసి వచ్చింది. కాన్పూరు పరిసరాల లంకెల మీద వారు చేసిన కొలతల్లో తేలింది మరొకటి: అటువంటి లంకెలను చెడగొట్టే ముఖ్య దోషి దూరం కాదు, అదే పట్టీలో మాట్లాడుతున్న ఇతర వైఫైలు. పల్లెలోనూ పొరుగువారి రద్దీయే!

చివరికి తాళం సంగతి. రౌటరుతో వచ్చిన సంకేత పదాన్ని మొదటి రోజే మార్చాలి. తాళాల్లో తొలిదైన డబ్ల్యూఈపీని 2001లోనే పరిశోధకులు పగులగొట్టారు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 నేటికీ నిలుస్తున్నది. 2018 నాటి డబ్ల్యూపీఏ3 మరింత గట్టిది. రౌటరు అమరికల్లో ఈ రెండింటిలో ఏదీ లేదంటే, దానిని మాత్రం ఆ కుర్రవాడు చెప్పినట్లు నిజంగానే మార్చవలసిందే.