పాత వంతెన ఫొటో ఏం చెప్తుంది?

రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఒక పాత రైలు వంతెన ఉంది. దాని పేరు హేవలాక్ వంతెన. ఊళ్లోవాళ్లు మాత్రం పాత బ్రిడ్జి అంటారు. 1897లో పని మొదలైంది. 1900లో దాని మీద రైళ్లు నడిచాయి. హేవలాక్ అంటే అప్పటి మద్రాసు గవర్నరు. ఆయన పేరే దానికి పెట్టారు. రాళ్లు మోసిన కూలీల పేరు ఎవరూ పెట్టలేదు.

వంతెన రాకముందు రైలు గోదావరి ఒడ్డు దగ్గర ఆగిపోయేది. జనం దిగేవాళ్లు. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని పడవ ఎక్కేవాళ్లు. అవతలి ఒడ్డుకు చేరి మళ్లీ రైలు ఎక్కాలి. వరద రోజుల్లో అదెంత కష్టమో గోదావరిని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ వంతెనకు 56 ఖానాలు ఉన్నాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే జాగాని ఖానా అంటారు. ఒక్కో ఖానా పొడవు 150 అడుగులు. అంతా కలిపితే రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. స్తంభాలు రాతివి. పైన ఇనప దూలాలు. రైలు దాని మీద పోతుంటే ఆడవాళ్లు కిటికీలోంచి గోదారమ్మకు దణ్ణం పెట్టి చిల్లర డబ్బులు వేసేవాళ్లు. ఎన్ని నాణేలు ఆ నీళ్లలో ఉన్నాయో ఆ తల్లికే తెలియాలి.

దాదాపు నూరేళ్లు ఈ వంతెన పనిచేసింది. 1997లో పక్కనే కొత్త రైలు వంతెన వచ్చింది. పాతదాని మీద రైళ్లు ఆగిపోయాయి. దాన్ని విప్పేయకుండా ఉంచాలని చాలామంది అడిగారు. ఆనాటి నుంచి దాన్ని ఫొటోలు తీసేవాళ్లు కూడా పెరిగారు.

వీళ్లలో చాలామంది పత్రికలవాళ్లు కాదు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లూ కాదు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు. ఒకరు బడిపంతులు, ఒకరు బ్యాంకు గుమస్తా, ఒకరు రిటైరైన రైల్వే ఉద్యోగి. సెలవు రోజున కెమెరా సంచీ భుజాన వేసుకుని బయల్దేరతారు. పాత కోటలు, పాత స్టేషన్లు, బొగ్గు ఇంజన్లు, పాత బస్సులు, జట్కాలు, ఎడ్లబండ్లు... ఇవన్నీ ఫొటో తీస్తారు. ఎవరూ వాళ్లకు జీతం ఇవ్వరు. "వీళ్లకు పనీపాటా లేదా?" అని కొందరు నవ్వుతారు కూడా.

కానీ ఒక సంగతి చూడండి. ఒకప్పుడు మన దేశంలో ఎక్కడ చూసినా బొగ్గు ఇంజన్లే. రైలు వస్తే ఊరంతా పొగ. 1990ల చివరికల్లా మామూలు రైళ్లకు బొగ్గు ఇంజన్లు కట్టడం పోయింది. ఇప్పుడు డార్జిలింగ్, నీలగిరి లాంటి కొండల మీద కొన్ని బండ్లకు ఆవిరి ఇంజన్లు ఉన్నాయి. ఈ కాలం పిల్లలు "పొగబండి" అనే మాట వింటారు. పొగ మాత్రం చూడరు. ఆ ఇంజను ఎలా ఉండేదో వాళ్లకు ఎవరు చూపిస్తారు? అప్పుడు తీసిన ఫొటోలే చూపించాలి.

ఫొటో చూసి కాలం చెప్పడం

పాత ఫొటో మీద తేదీ లేకపోయినా కొన్నిసార్లు కాలం కనిపెట్టవచ్చు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఇదో సరదా. ఎలాగో చూద్దాం.

హైదరాబాదులో చార్మినారు 1591లో కట్టారు. దానికి నాలుగు వైపులా గడియారాలు ఉన్నాయి కదా. అవి మొదట్నించీ లేవు. 1889లో పెట్టారు. ఇప్పుడు మీ చేతికి చార్మినారు పాత ఫొటో ఒకటి వచ్చింది అనుకోండి. గడియారం లేదు. అంటే అది 1889కి ముందు తీసిన ఫొటో. గడియారం ఉంటే ఆ తర్వాతది.

గోదావరి దగ్గరా అంతే. పాత వంతెన 1900లో వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన 1974లో వచ్చింది. విల్లు లాంటి వంపులు ఉన్న కొత్త రైలు వంతెన 1997లో వచ్చింది. ఆ వంపులు 28. దూరం నుంచి చూసినా గుర్తుపట్టవచ్చు. ఫొటోలో ఆ వంపుల వంతెన నిండుగా, దాని మీద రైలు కూడా ఉంటే అది 1997కి ముందుది కాదు.

బండి చక్రం కూడా కాలం చెప్తుంది. పాత ఎడ్లబండికి కొయ్య చక్రాలు. వాటికి ఆకులు, చుట్టూ ఇనప పట్టా. తర్వాత రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి. ఈ సంగతి పట్నంలో చదువుకున్నవాళ్ల కంటే పల్లెలో ఉన్నవాళ్లకే బాగా తెలుసు. మీ ఊళ్లో టైరు బండి మొదట ఎవరింటికి వచ్చిందో ముసలమ్మలను అడగండి. వాళ్లు చెప్పేది ఏ పుస్తకంలోనూ దొరకదు.

బస్సుల సంగతీ ఉంది. నిజాం రాజ్యంలో 1932లో రైల్వేవాళ్లే బస్సులు మొదలుపెట్టారు. మొదట 27 బస్సులు. ఆ తర్వాత ఎప్పటికో హైదరాబాదు రోడ్ల మీద రెండంతస్తుల బస్సులు తిరిగాయి. తెలంగాణలో ఆర్టీసీ బస్సు నంబరులో జెడ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు గుర్తుగా ఆ అక్షరం పెట్టించాడని చెప్పుకుంటారు. బస్సు ఫొటో తీసేవాళ్లు నంబరు పలక స్పష్టంగా పడేలా తీసేది ఇందుకే. ఒక్క అక్షరం వెనక కూడా ఒక కథ ఉంటుంది.

గాజు పలకల కాలం

ఫొటో తీయడం మొదట్లో ఇంత తేలిక కాదు. రీలు కూడా లేదు. మందు పూసిన గాజు పలక మీద బొమ్మ పడేది. కెమెరా పెట్టె పెద్దది. దాన్ని నిలబెట్టడానికి మూడు కాళ్ల స్టాండు. పలకలు పగలకుండా పెట్టెల్లో సర్ది మోయించాలి. బొమ్మ పడటానికి చాలాసేపు పట్టేది. అంతసేపూ కదలకూడదు. అందుకే చాలా పాత ఫొటోల్లో బజారు ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి జనం ఉన్నారు. నడిచిపోయేవాళ్లు బొమ్మలో పడలేదు, అంతే. నిలబడ్డ గోడ పడింది. నడిచే మనిషి పడలేదు.

ఆ రోజుల్లో పేరు పొందిన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివాడు. ఇండోరులో ఉద్యోగం చేస్తూ ఫొటోలు నేర్చుకున్నాడు. మధ్య భారతంలో కోటలు, గుళ్లు తిరిగి ఫొటోలు తీశాడు. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫరు చేశాడు. 1905లో దీన్ దయాళ్ చనిపోయాడు. ఆయన గాజు పలకలు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఆయన చేసిన ఒక పని ఆడవాళ్లు తెలుసుకోవాల్సింది. ఆ కాలంలో గొప్పింటి స్త్రీలు ఘోషాలో ఉండేవాళ్లు. పరాయి మగవాడి ముందు నిలబడి ఫొటో తీయించుకోవడం కుదరదు. అందుకని 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే వేరే స్టూడియో పెట్టాడు. దాన్ని జనానా స్టూడియో అన్నారు. మగవాళ్లకు లోపలికి రావడం లేదు. ఒక ఇంగ్లీషు ఆమె దాన్ని నడిపింది. ఆమె పేరు కెన్నీ లెవిక్. ఫొటో తీసేదీ ఆడమనిషే, తీయించుకునేదీ ఆడమనిషే.

అయితే అక్కడికి వెళ్లింది డబ్బున్న ఇళ్లవాళ్లు. బట్టలుతికిన ఆమె, తిరగలి విసిరిన ఆమె ఆ తలుపు తట్టి ఉండరు. కోటల ఫొటోలు వందలు ఉన్నాయి. కోట గోడకు మట్టి మోసిన ఇంటివాళ్ల ఫొటోలు వెతికినా దొరకడం కష్టం.

తర్వాత మన దేశంలో ఆడవాళ్లే పత్రికలకు ఫొటోలు తీసే కాలం వచ్చింది. మొదటగా వచ్చినావిడ హొమాయ్ వ్యరవాలా. 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టింది. ఆమె తీసిన మొదటి ఫొటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. ఆడమనిషి తీసిందంటే ఎవరు పట్టించుకుంటారు? తర్వాత చీర కట్టుకుని, కెమెరా తగిలించుకుని ఢిల్లీలో తిరిగి పనిచేసింది. 1947లో స్వాతంత్ర్యం వచ్చిన రోజులను ఫొటోల్లో పట్టింది. ఆమె కారు నంబరు డి ఎల్ డి 13. అందుకని "డాల్డా 13" అని సరదా పేరు పెట్టుకుంది. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. 2012లో చనిపోయింది.

మీరు తీయాలంటే

ఇప్పుడు సెల్లు ఉన్న ప్రతి ఇంట్లో కెమెరా ఉన్నట్టే. మీ ఊరి పాత బావి, సత్రం, రచ్చబండ, కొయ్య చక్రాల బండి... ఏదైనా తీయవచ్చు. పొద్దున్న గానీ, పొద్దు వాలేటప్పుడు గానీ తీస్తే వెలుగు బాగుంటుంది. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. ఒకటి మొత్తం కనబడేలా తీయండి. ఒకటి దగ్గరగా తీయండి. గోడలో శిలాఫలకం ఉంటే దాని మీద అక్షరాలు చదవగలిగేలా విడిగా తీయండి. పక్కన ఒక మనిషిని నిలబెడితే అది ఎంత ఎత్తో తెలుస్తుంది. ఆ మనిషిని ముందు అడగాలి. వద్దంటే మానుకోవాలి.

పురావస్తు శాఖవాళ్లు కాపాడే కోటల్లో కెమెరా స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి. రైలు ఫొటో కోసం పట్టాల మీదికి పోవద్దు. అది నేరం. ప్రాణానికీ ముప్పు. ప్లాట్‌ఫారం మీంచి తీసినా రైలు బాగానే పడుతుంది.

ఫొటో తీశాక సగం పనే అయింది. మిగతా సగం రాయడం. చాలా ఇళ్లలో పెట్టె అడుగున ఒక పాత ఫొటో ఉంటుంది. ముగ్గురు ఆడవాళ్లు బండి పక్కన నిలబడి ఉంటారు. ఒకామె నాయనమ్మ అని తెలుసు. మిగతా ఇద్దరు ఎవరు? ఏ ఊరు? తీర్థానికి పోతున్నారా, పెళ్లికా? చెప్పగలిగినావిడ పోయిన ఏడాదే పోయింది. ఫొటో ఉంది, మాట లేదు. అప్పట్లో ఆ ఇంట్లో ఎవరికీ రాయడం రాదు.

ఇప్పుడు మీకు వచ్చు. కాగితం ఫొటో అయితే వెనక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. పెన్ను వద్దు. నొక్కు ముందువైపు కనిపిస్తుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది. సెల్లులో ఫొటోకి వెనకవైపు ఉండదు కదా. దానికి ఒక నోటుపుస్తకం పెట్టండి. తీసిన తేదీ సెల్లులో ఉంటుందని ధైర్యంగా ఉండొద్దు. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయేసరికి ఆ తేదీ పోతుంది. రాసేది ఎక్కువ అక్కర్లేదు. ఊరు, తేదీ, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు ఉన్నారో వాళ్ల పేర్లు. బండి ఎవరిదో తెలిస్తే అది కూడా. తీసినవారి పేరు చివర్న రాయాలి, అంటే మీ పేరు.